ఎదురు కుక్కను చూసి మీదికి దూకే చిన్న కుక్క: ఏ దారి ఎంచుకోవాలి?

మా లడ్డు ఆరు కిలోల స్పిట్జ్, మన ఊళ్లలో అందరూ పమేరియన్ అని పిలిచే తెల్లబొచ్చు కుక్క. ఇంట్లో ఉన్నంతసేపూ వాడంత నెమ్మదస్తుడు లేడు. చుట్టాలు వస్తే వాళ్ల చెప్పుల పక్కన పడుకుంటాడు. కానీ గేటు దాటాక సందు చివర ఇంకో కుక్క కనబడిందంటే వాడిని పట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. వెన్ను మీద బొచ్చు నిక్కబొడుచుకునేది, ముందుకాళ్లు గాలిలోకి లేచేవి, గొంతు బొంగురుపోయేదాకా అరిచేవాడు. ఎనిమిది నెలల వయసులో చెత్తకుండీ దగ్గర రెండు వీధికుక్కలు వాడిని కింద పడేసి దొర్లించాయి. అప్పటినుంచి వాడికి ఏ కొత్త కుక్క కనబడినా ఆ రెండే గుర్తొచ్చేవి కాబోలు.

ఇలాంటి కుక్క ఇంట్లో ఉంటే సలహాలకు లోటుండదు. రెండు తగిలించమనేవారు, పార్కులో వదలమనేవారు, ఇంకో కుక్కను తెమ్మనేవారు, బయటికే తీసుకెళ్లవద్దనేవారు. వీటిలో చాలావాటిని నేను ప్రయత్నించాను, కొన్నింటివల్ల లడ్డుకు నష్టం కూడా జరిగింది. ఆ నష్టం మరో కుక్కకు జరగకూడదని ఈ దారులన్నిటినీ పక్కపక్కన పెట్టి చెబుతున్నాను.

ముందు అది భయమో కాదో చూడండి

మీదికి దూకే ప్రతి కుక్కా భయపడుతున్నట్టు కాదు. కొన్ని కుక్కలు ఎదుటి కుక్కతో ఆడుకోవాలని తహతహలాడి, గొలుసు అడ్డమొచ్చిందని అరుస్తాయి. అరుపుకు ముందు క్షణాలను గమనిస్తే తేడా తెలుస్తుంది. భయపడే కుక్క మొదట నాలుకతో మూతి తడుపుకుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల తిప్పకుండా కళ్లు మాత్రం పక్కకు తిప్పి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంది. తోక కిందికి దిగుతుంది. తర్వాత ఒంటిని బిగబట్టి కొయ్యబారిపోతుంది. అరుపు, దూకుడు ఆ తర్వాతే. ఎదుటి కుక్క వెళ్లిపోగానే ఒళ్లు దులుపుకుంటుంది.

మొరిగే కుక్క కరవదని సామెత ఉంది. భయంతో మొరిగే కుక్క విషయంలో దాన్ని నమ్ముకోవద్దు. పారిపోవడానికి గొలుసు అడ్డమైనప్పుడు దానికి మిగిలేది పళ్లే. ఒకసారి వీధికుక్క నుంచి విడిపించబోతే లడ్డు పళ్లు నా చేతిమీదే దిగాయి. వాడికి టీకాలన్నీ వేయించి ఉన్నా, పావుగంటసేపు సబ్బుతో కడుక్కుని ఆస్పత్రికి వెళ్లి సూదులు వేయించుకున్నాను. మీరూ అలాగే చేయండి, ఈ విషయంలో ఎవరిమీదా మొహమాటం వద్దు.

పెద్ద కుక్క గుర్రుమంటే వీధి మొత్తం జాగ్రత్త పడుతుంది. చిన్న కుక్క గుర్రుమంటే ముద్దుగా ఉందని ఫోనులో వీడియో తీస్తారు. చిన్న జాతుల భయం ముదిరిపోవడానికి నాకు కనిపించిన అతి పెద్ద కారణం ఇదే. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే ప్రాణి అది, తనకు పదింతలున్న కుక్కను కింది నుంచి చూస్తోంది.

ఇంకొక్క మాట. ఉన్నట్టుండి ఈ మధ్యే మొదలైతే ముందు పశువైద్యుడికి చూపించండి. చిన్న జాతుల్లో మోకాలిచిప్ప పక్కకు జరగడం, పళ్లు పాడవడం ఎక్కువ. నొప్పితో ఉన్న కుక్క ఎవరినీ దగ్గరికి రానివ్వదు. నొప్పి తగ్గకుండా చేసే శిక్షణంతా వృథా.

స్నేహం కావాలా, ప్రశాంతంగా నడిచిపోతే చాలా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోకుండా ఏ పద్ధతీ మొదలుపెట్టవద్దు. నా కుక్క అన్ని కుక్కలతోనూ ఆడుకోవాలని కోరుకుంటే ఒక దారి కనబడుతుంది. పక్కనుంచి గొడవ లేకుండా వెళ్లిపోతే చాలనుకుంటే ఇంకో దారి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మూడు నాలుగేళ్ల వయసున్న, దెబ్బతిన్న చిన్న కుక్కకు రెండోదే న్యాయమైన లక్ష్యం. కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకునే వయసు కుక్కపిల్లకు సుమారు మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా. మనదగ్గర చాలామంది పిల్లను నలభై అయిదు రోజులకు తెచ్చుకుని, టీకాల కోర్సు పూర్తయ్యేదాకా గడప దాటించరు. అంతలో ఆ గడువు కాస్తా అయిపోతుంది. టీకాలు కాని పిల్లను నేలమీద వదలక్కర్లేదు, చేతుల్లో ఎత్తుకుని వీధి చూపించినా ఎంతో మేలు. లడ్డు విషయంలో ఆ పని నేను చేయలేదు.

తిట్టి, గొలుసు బిగించి మాన్పించడం

ఇది అందరికంటే ముందు వినిపించే సలహా. అరవగానే గొలుసును గట్టిగా గుంజడం, ముక్కుమీద కొట్టడం, కరెంటు షాక్ ఇచ్చే పట్టీ కట్టడం. వెంటనే ఫలితం కనబడుతుంది కాబట్టే జనం నమ్ముతారు. అరుపు ఆగిపోతుంది, భయం మాత్రం లోపల అలాగే ఉంటుంది. పైగా ఎదురు కుక్క కనబడిన ప్రతిసారీ మెడ నొప్పి పుడుతుంటే, కుక్కలంటే నిజంగానే చెడు జరుగుతుందని దానికి రూఢి అవుతుంది.

లడ్డును మూడు వారాలపాటు ఒక శిక్షణ హాస్టల్లో వదిలాను. బిగుసుకునే గొలుసు వాడతారని అప్పుడు అడిగి తెలుసుకోలేదు. తిరిగి వచ్చాక వాడు అరవడం మానేశాడు. మేమంతా సంబరపడ్డాం. పన్నెండో రోజున లిఫ్టు తలుపు తెరుచుకుంటే ఎదురుగా పైఅంతస్తువాళ్ల పగ్ ఉంది. గుర్రుమనలేదు, పళ్లు చూపలేదు, నేరుగా దాని చెవి పట్టుకున్నాడు. హెచ్చరిక ఇస్తే శిక్ష పడుతుందని నేర్పితే కుక్క హెచ్చరించడం మానుకుంటుందని ఆ రోజు అర్థమైంది. కుక్క గుర్రుమంటే దాన్ని అణచవద్దు. ఆ చప్పుడు మీకు అందుతున్న సమాచారం.

అమెరికాలోని పశువైద్య ప్రవర్తన నిపుణుల సంఘం 2021లో విడుదల చేసిన ప్రకటనలో, దూకుడు ఉన్న కుక్కలకు సైతం బహుమతితో నేర్పే పద్ధతులనే వాడాలని స్పష్టంగా చెప్పింది. చిన్న కుక్కకైతే ఒంటికీ ముప్పే. పమేరియన్, యార్క్‌షైర్ వంటి జాతుల్లో శ్వాసనాళం సహజంగానే మెత్తబడి కుంగిపోయే అవకాశం ఉంది, మెడను గుంజితే దగ్గు ముదురుతుంది. పగ్, షిట్‌జూ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు మెడమీద ఒత్తిడి పడితే కళ్లకే ప్రమాదం. ఈ దారిని ఏ పరిస్థితిలోనూ ఎంచుకోవద్దు.

కుక్కల మధ్య వదిలేయడం

నీళ్లలో తోస్తే ఈత అదే వస్తుందన్నట్టు, నాలుగు కుక్కల మధ్య వదిలితే అదే సర్దుకుంటుందంటారు. హైదరాబాద్ వంటి నగరాల్లో ఇప్పుడు కుక్కల పార్కులు ఉన్నాయి. అవి ఇతర కుక్కలంటే ఇష్టపడే కుక్కల కోసం. భయపడే కుక్క అక్కడ మూలన నక్కి కదలకుండా కూర్చుంటే, అలవాటు పడిందని పొరబడతాం. నిజానికి అది ఆశ వదులుకుని ఉంటుంది. ఇంకో కుక్కను ఇంట్లోకి తెచ్చే సలహా కూడా ఇలాంటిదే. ఇంట్లో కుక్కతో బాగున్నది వీధిలో కుక్కతో బాగుంటుందని ఏమీ లేదు. పైగా రెండోది మొదటిదాన్ని చూసి అరవడం నేర్చుకోవచ్చు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌తో తగ్గిపోతుందని కూడా చెబుతారు. దానికి వేరే ప్రయోజనాలున్నాయి కానీ, భయంతో వచ్చే దూకుడుకు అది మందు కాదు.

తప్పించుకు తిరగడం

దీన్ని చాలామంది ఓటమిగా చూస్తారు. నేను అలా చూడను. అరిచి దూకిన ప్రతిసారీ ఎదుటి కుక్క ఎలాగూ దూరంగా వెళ్లిపోతుంది కాబట్టి, తన అరుపు పనిచేసిందని కుక్క నేర్చుకుంటుంది. అలా నేర్చుకునే అవకాశాలు తగ్గించకుండా మరే శిక్షణా నిలవదు.

పుస్తకాల్లో రాసే సలహాలు చాలావరకు గొలుసుతో నడిచే కుక్కలున్న దేశాలకు రాసినవి. మన సందుల్లో ఎదురు కుక్కకు గొలుసు ఉండదు, యజమాని ఉండడు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్నచోటే తిరిగి వదలాలి. అంటే మీ సందు కుక్కలు ఏళ్ల తరబడి దాదాపు అవే. ఇందులో మనకు ఒక సౌకర్యం ఉంది. వాటి వేళలు, అవి పడుకునే చోట్లు తెలుసుకోవచ్చు. మా సందులో గోధుమరంగు ఆడకుక్క పాలబండి వచ్చేవేళకు టీకొట్టు దగ్గర ఉంటుంది, నల్లకుక్కలు రెండూ తెల్లవారాక ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిద్రపోతాయి. వారం రోజులు కాగితంమీద రాసుకున్నాను. మేము బయటికి వెళ్లే వేళ ముప్పావుగంట మార్చితే గొడవలు సగానికి సగం తగ్గిపోయాయి.

లిఫ్టు బదులు మెట్లు, ఇరుకు సందు బదులు పార్కింగ్ స్థలం, వర్షాకాలంలో మేడమీద నడక, ఇంట్లో పాత తువ్వాలు మడతల్లో కుక్క తిండి గింజలు దాచి వెతికించడం. ఇవన్నీ ఈ దారిలోవే. లోపం ఒకటే: దీంతో భయం పెరగకుండా ఆగుతుంది, తగ్గదు.

దూరం, చికెన్

నాకు నిజంగా ఫలితమిచ్చిన దారి ఇది. దీని మూలం చాలా పాతది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్న పిల్లవాడికి ఇష్టమైన తినుబండారం పెడుతూ, కుందేలును దూరం నుంచి కొద్దికొద్దిగా దగ్గరికి తెచ్చి భయం పోగొట్టింది. కుక్కలకు చేసేదీ అదే. భయపెట్టే వస్తువు, కుక్క తట్టుకోగలిగినంత దూరంలో ఉండాలి. అది కనబడగానే మంచి తిండి రావాలి.

తట్టుకునే దూరం అంటే కుక్క ఎదుటి కుక్కను చూసి కూడా మీ చేతిలోని ముక్క తినగలిగే దూరం. లడ్డుకు అది మొదట్లో ముప్పై మీటర్లు. మా కాంపౌండు గేటు ఊచల వెనక నిలబడితే రోడ్డుకు అవతల కిరాణాకొట్టు దగ్గరి కుక్కలు ఆ దూరంలో కనిపించేవి. మధ్యలో గేటు ఉంది కాబట్టి అవి వచ్చి మీద పడతాయన్న బెదురు నాకూ ఉండేది కాదు. గొలుసు పట్టుకున్న చేయి బిగుసుకుంటే ఆ బిగువు కుక్కకు తెలుస్తుంది.

ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ తీసుకోండి. అయిదారు కిలోల కుక్కకు రోజుకు ఇరవై గ్రాములు చాలు, దాన్ని నలభై యాభై ముక్కలుగా తుంచండి. ఒక్కో ముక్క కాబూలీ శనగగింజంత ఉండాలి. మాంసం వండని ఇల్లయితే పనీర్ పనికొస్తుంది. రోజూ గిన్నెలో పెట్టే గింజలు ఈ పనికి చాలవు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం విషం.

ఇక్కడ నేను రెండు నెలలు వృథా చేసిన తప్పు ఒకటుంది. దూరంగా కుక్క కనబడగానే, లడ్డు ఇంకా చూడకముందే, నా చేయి జేబులోకి వెళ్లేది. ప్లాస్టిక్ సంచి గరగరమనేది. కొన్ని రోజులకు సంచి చప్పుడు కాగానే వాడు చికెన్ కోసం నావైపు చూడటం మానేసి, చెవులు నిక్కించి నాలుగు దిక్కులా వెతకడం మొదలుపెట్టాడు. చికెన్ వస్తోందంటే ఎక్కడో కుక్క ఉందని వాడు నేర్చుకున్నాడు. తలకిందులైన పాఠం. వరుస ఇలా ఉండాలి: ముందు వాడు కుక్కను చూడాలి, ఒక క్షణం ఆగాలి, అప్పుడు చికెన్ మొదలవ్వాలి, కుక్క కనుమరుగు కాగానే చికెన్ ఆగిపోవాలి. సంచి మానేసి నడుముకు కట్టుకునే గుడ్డసంచి వాడాక సరిపోయింది.

రోజుకు పది నిమిషాలు, వారానికి అయిదు రోజులు. ముప్పై మీటర్ల నుంచి ఎనిమిది మీటర్లకు రావడానికి మాకు అయిదు నెలలు పట్టింది, అదీ తిన్నగా కాదు. దీపావళి టపాసుల వారం తర్వాత వాడు ఇరవై మీటర్ల దగ్గరే వణికాడు. భయాలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. టపాసులు, ఇంటికి రంగులు వేసేవాళ్లు, స్నానం, అన్నీ ఒకే వారంలో వస్తే ఆ వారం శిక్షణ మానేయండి. వెనక్కి పోయినందుకు బాధపడకుండా, దూరం పెంచి మళ్లీ మొదలుపెట్టండి. ఒకసారి నేర్చుకున్న కుక్క రెండోసారి త్వరగా వస్తుంది. మాకు రెండు వారాలే పట్టింది.

చూసి తిరగడం, తప్పుకోవడం

పై పద్ధతి కుదురుకున్నాక కుక్క ఎదుటి కుక్కను చూసి తనంతట తాను మీ ముఖం వైపు తిరుగుతుంది. ఆ క్షణాన్ని పట్టుకోండి. ఒక చిన్న మాట, మేము వాడేది ‘భేష్’, ఆ వెంటనే ముక్క. ఇక అది చూడటం తిరగడం ఒక ఆటలా చేస్తుంది. దీంతోపాటు ‘పద’ అనగానే మీతో వెనుదిరిగి నడవడం హాల్లోనే ముందు నేర్పండి. మలుపులో అనుకోకుండా కుక్క ఎదురైతే ఆదుకునేది ఇదే.

తిండి బదులు దూరంగా వెళ్లనివ్వడాన్నే బహుమతిగా ఇచ్చే పద్ధతీ ఉంది. కుక్క ఎదుటి కుక్కను చూసి, నేల వాసన చూసో, తల తిప్పుకునో నెమ్మది చూపగానే దాన్ని వెనక్కి తీసుకెళతారు. ఆలోచన చక్కనిది. కానీ పొడవైన తాడు, విశాలమైన మైదానం, సాయానికి ఒక నెమ్మదైన కుక్క, దాన్ని పట్టుకునే మనిషి కావాలి. ఆదివారం ఉదయం స్కూలు మైదానం దొరికేవారికి బాగుంటుంది. ఇరుకు సందుల్లో ఉండేవారికి చికెన్ పద్ధతే మేలు.

మందులు

ఏ దూరంలోనూ తినలేని కుక్కలు, ఇంటికి తిరిగొచ్చి గంటలు గడిచినా రొప్పుతూ తిరిగే కుక్కలు ఉంటాయి. వాటికి మందు అడగడం సిగ్గుపడాల్సిన పని కాదు. ఫ్లూఆక్సెటిన్ వంటి రోజువారీ మందు పనితనం తెలియడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మందు ఒక్కటే భయాన్ని మాన్పదు, కుక్క నేర్చుకోగలిగే స్థితికి తెస్తుంది. పశువైద్యుడు రాసిన మోతాదే వాడాలి, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకూడదు. మనుషుల సిరప్పులు పోయవద్దు, వాటిలో కొన్నింటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్కల ప్రాణం తీస్తుంది.

ట్రైనరా, మనమేనా?

ఒకసారి చేతులు కాలాక చెబుతున్నాను: హాస్టల్లో వదిలే శిక్షణ ఈ సమస్యకు వద్దు. భయం మీ సందులో, మీ లిఫ్టులో పుట్టింది. అక్కడే తగ్గాలి. ఇంటికి వచ్చి మీ చేతే చేయించే ట్రైనర్ దొరికితే డబ్బు పెట్టడం దండగ కాదు. ఎంపికకు నేను అడిగే ప్రశ్నలు రెండే. కుక్క సరిగా చేస్తే ఏమిస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? రెండోదానికి జవాబు దాటవేసినా, పదిహేను రోజుల్లో గ్యారంటీ అన్నా నమస్కారం పెట్టి పంపేయండి. పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడనివ్వని ట్రైనర్‌కూ అంతే.

హార్నెస్, గొడుగు, చేతుల్లోకి ఎత్తుకోవడం

మెడ బెల్టు బదులు ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్, రెండు మీటర్ల మామూలు తాడు. సాగే తాడు వద్దు, అవసరమైన క్షణంలో అది చేతికి దొరకదు. కరిచిన చరిత్ర ఉంటే, నోరు తెరిచి రొప్పగలిగేలా మూతికి తొడిగే జాలీని ఇంట్లో చికెన్‌తో నెమ్మదిగా అలవాటు చేయండి.

వీధికుక్క నేరుగా మీదికి వస్తే ఎత్తుకోవాలా వద్దా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఎత్తుకుంటే కుక్క చెడిపోతుందనే మాటను పట్టించుకోవద్దు. భయంలో ఓదార్చితే భయం పెరగదు. కానీ ఎత్తుకుంటే ఆ వీధికుక్క మీ మీదికే ఎగరవచ్చు. అందుకని మొదటి పని, గుప్పెడు బిస్కెట్లు దాని ముందు నేలమీద చల్లడం. రెండోది, ఆగి ఉన్న కారునో మోటార్‌సైకిల్‌నో అడ్డం పెట్టుకోవడం, లేదా గొడుగు తెరిచి మధ్యలో పట్టడం. గొడుగు తెరుచుకోవడం మీ కుక్కకు ఇంట్లోనే అలవాటై ఉండాలి సుమా. ఇవేవీ కుదరకపోతే ఎత్తుకుని, పక్కకు తిరిగి, పరుగెత్తకుండా నడిచి వెళ్లిపోండి.

ఎవరికి ఏది

ఏడాది లోపు పిల్ల, ఇంకా ఎవరినీ కరవలేదు, భయం ఈమధ్యే మొదలైంది: దూరం, చికెన్ పద్ధతి మీరే ఇవాళే మొదలుపెట్టండి. తర్వాత ఒక నెమ్మదైన కుక్కతో రోడ్డుకు చెరోవైపు ఒకే దిక్కుగా నడిపించండి. ఈ వయసులో స్నేహం ఆశించవచ్చు.

పెద్ద కుక్క, ఒకసారైనా కరిచింది: పశువైద్యుడు, తప్పించుకు తిరగడం, మూతి జాలీ, ఆ తర్వాత ఇంటికి వచ్చే ట్రైనర్. ఈ వరుస మార్చవద్దు.

పిల్లలు విదేశాల్లో ఉండి, అరవై డెబ్బై ఏళ్ల అమ్మానాన్నలు కుక్కను చూసుకుంటున్న ఇళ్లు తెలుగునాట ఎన్నో. గుంజే కుక్కతో ఆ వయసువారు కిందపడితే తుంటి విరుగుతుంది. వారికి శిక్షణ భారం వేయవద్దు. తప్పించుకు తిరగడమే చాలు. మేడమీద నడక, ఇంట్లో వెతుకులాట, రోజుకోసారి మరెవరైనా బయట తిప్పడం. దాంతో ఆ కుక్క హాయిగా బతుకుతుంది.

లడ్డుకు ఇప్పుడు ఏడేళ్లు. పార్కులో కుక్కలతో ఆడడు, ఆడమని మేమూ అడగము. టీకొట్టు దగ్గర ఆ గోధుమరంగు కుక్క లేచి ఒళ్లు విరుచుకుంటే ఆగి చూస్తాడు, చెవులు నిక్కుతాయి, రెండు క్షణాల తర్వాత నా నడుము దగ్గరి గుడ్డసంచి వైపు తల ఎత్తుతాడు. నేను ‘భేష్’ అంటాను, అవతలివైపు నుంచి నడిచి వెళ్లిపోతాం.